చేసినవాళ్ళా, చేయించినవాళ్ళా

నా టేబుల్ మీద అరచేయంత ప్లాస్టిక్ కవర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తెల్లది, పాతది, అంచులు కొంచెం పసుపు తిరిగాయి. మామూలుగా చూస్తే ఏమీ కనపడదు గానీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురికి ఏటవాలుగా పట్టుకుంటే, పైన నున్నగా ఉండాల్సిన చోట నాలుగు సన్నటి గుంటలు కనపడతాయి. వేలితో తడిమితే తగిలీ తగలనట్టు ఉంటాయి. మోల్డింగ్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి ఒత్తి వస్తువు చేసే పనిలో, దీన్ని సింక్ మార్క్ అంటారు. ఈ గుంటల గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఇవే.

మొన్న నాతో చదువుకున్న ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో మాట్లాడుతూ "మాది మాన్యుఫాక్చరింగ్ కంపెనీరా" అన్నాడు. ఫ్యాక్టరీ ఎక్కడ అని అడిగా. "ఫ్యాక్టరీ లేదు, డిజైన్ మాది, బ్రాండ్ మాది, తయారీ అంతా బయట చేయిస్తాం" అన్నాడు. మరి మాన్యుఫాక్చరింగ్ అంటావేంటి అంటే "అదేంట్రా, వస్తువు మాదే కదా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నేను పదకొండేళ్ళు అవతలి వైపు పనిచేశాను, అంటే వేరేవాళ్ళ పేరు మీద అమ్ముడయ్యే సరుకు తయారు చేసిపెట్టే కంపెనీలో. మేం చేసిన దేని మీదా మా పేరు ఉండదు. కాబట్టి వాడి మాట వినగానే మొదట కోపం వచ్చింది, కాసేపటికి వాడన్నదాంట్లో కూడా నిజం ఉందేమో అనిపించింది, ఇంకొంచెం ఆలోచిస్తే మేమిద్దరం ప్రశ్ననే తప్పుగా వేసుకుంటున్నాం అనిపించింది.

మన భాషలో ఈ తేడా క్రియలోనే ఉంది చూడండి. చేయడం వేరు, చేయించడం వేరు. రాజు గుడి కట్టించాడు అంటాం, శిల్పి చెక్కాడు అంటాం. కానీ మన సొంత ఇల్లు దగ్గరికొచ్చేసరికి "ఇల్లు కట్టుకున్నాం" అంటాం, ఒక్క ఇటుక మనం పేర్చకపోయినా సరే. వినేవాళ్ళకి అది అబద్ధంలా అనిపించదు. ఎందుకంటే గది ఎక్కడ రావాలో తలుపు ఎటు తెరుచుకోవాలో తేల్చింది మనం, స్లాబ్ వేసే రోజు పొద్దున్నే వెళ్ళి నిలబడింది మనం, రేపు గోడ చెమ్మెక్కితే మేస్త్రిని పిలిచి ఎందుకు ఎక్కిందో నిలదీసేదీ మనమే. అదే బిల్డర్ దగ్గర రెడీగా ఉన్న ఫ్లాట్ కొంటే మాత్రం "కొన్నాం" అంటాం. డబ్బు రెండు చోట్లా ఇచ్చాం, ఇటుక రెండు చోట్లా ముట్టుకోలేదు, మరి కట్టుకున్నాం కి కొన్నాం కి మధ్య ఏం మారింది? నాకు ఆ తేడాలోనే జవాబు ఉందనిపిస్తుంది.

లెక్కలు కట్టేవాళ్ళకి మాత్రం ఇలాంటి మాటలతో పని జరగదు కదా, వాళ్ళకి గీత కావాలి. ఐక్యరాజ్యసమితి వాళ్ళ పరిశ్రమల వర్గీకరణ ఒకటుంది, ఐసిక్ అంటారు, ప్రపంచంలో చాలా దేశాల గణాంకాలకి అదే మూలం. 2008లో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో గీత ఎక్కడ గీశారంటే, తయారీ మొత్తం బయటవాళ్ళకి ఇచ్చేసిన కంపెనీ ముడిసరుకు తనదైతేనే తయారీదారు, లేకపోతే అది వ్యాపారం చేసే కంపెనీ కింద లెక్క. అంటే మీరు బట్ట కొని దర్జీకి ఇచ్చి కుట్టించి అమ్మితే మీరు ఉత్పత్తిదారు, అదే దర్జీనే బట్ట కూడా తెచ్చుకోమంటే మీరు హోల్‌సేల్ వ్యాపారి. కొలతలు మీవే, డిజైన్ మీదే, గుండీ ఎక్కడ కుట్టాలో చెప్పింది మీరే అయినా అంతే.

గీత అంటూ ఒకటి కావాలి కాబట్టి గీశారు, అర్థం చేసుకోగలను. కానీ చిప్‌ల దగ్గరికి వెళ్తే ఇది పూర్తిగా తలకిందులవుతుంది. ఎన్విడియా, క్వాల్‌కామ్ లాంటివాళ్ళకి సొంత ఫ్యాబ్, అంటే చిప్‌లు తయారు చేసే ఫ్యాక్టరీ, లేదు, ఈ రకం కంపెనీలని ఫ్యాబ్‌లెస్ అనే పిలుస్తారు. మోరిస్ చాంగ్ 1987లో తైవాన్‌లో టీఎస్ఎంసీ పెట్టిందే వేరేవాళ్ళ డిజైన్లు తయారు చేసిపెట్టడానికి, సొంత బ్రాండ్ చిప్ ఒక్కటి కూడా అమ్మకుండా. ఏఎండీ కూడా 2009లో తన ఫ్యాబ్‌లని విడదీసి గ్లోబల్ ఫౌండ్రీస్‌గా వదిలేసింది. ఇక్కడ చిప్‌లు చేయడానికి వాడే సిలికాన్ పలక, అదే వేఫర్, కొనేది ఫౌండ్రీ, అంటే టీఎస్ఎంసీ లాంటి తయారీ కంపెనీ, డిజైన్ కంపెనీ కాదు. ఆ రూల్ అక్షరాలా పట్టుకుంటే వేల మంది ఇంజినీర్లు రెండు మూడేళ్ళు కూర్చుని ఒక్కో ట్రాన్సిస్టర్ ఎక్కడ రావాలో తేల్చిన కంపెనీ ఒట్టి వ్యాపారి అవుతుంది. అది నేను ఒప్పుకోలేను. చిప్ డిజైన్ చేసేవాళ్ళు ఫ్యాబ్ ప్రాసెస్ తెలియకుండా ఒక్క అడుగు వేయలేరు. తీగల మధ్య ఎంత ఖాళీ వదలాలి, ఏ లేయర్‌లో ఏది పోతుంది, ఈ రూల్స్ అన్నీ ఫౌండ్రీ ఇస్తుంది, డిజైన్ వాటి ప్రకారం పాసైతేనే టేపవుట్, అంటే తయారీకి పంపడం. వాళ్ళు ఫ్యాబ్‌లో లేరు గానీ ఫ్యాబ్ వాళ్ళ కంప్యూటర్‌లో ఉంది.

ఇంకో ఆఫీసుకి వెళ్తే ఇంకో జవాబు. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఫైలింగ్స్‌లో ప్రతి కంపెనీకి ఒక పరిశ్రమ కోడ్ ఉంటుంది. నైకీ కోడ్ 3021, అంటే రబ్బరు, ప్లాస్టిక్ పాదరక్షల తయారీ. యాపిల్ కోడ్ 3571, ఎలక్ట్రానిక్ కంప్యూటర్ల తయారీ. ఎన్విడియాకి సెమీకండక్టర్లు. బూట్లు దాదాపు అన్నీ బయటి కాంట్రాక్టర్లే కుడుతున్నారని నైకీయే తన రిపోర్టుల్లో రాస్తుంది, అయినా కోడ్ మాత్రం తయారీదే. ఒకే కంపెనీ ఒక పుస్తకంలో తయారీదారు, ఇంకో పుస్తకంలో టోకు వ్యాపారి.

దీని మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. ఫ్యాక్టరీ లేని ఉత్పత్తిదారులు అని వీళ్ళకి ఒక పేరు పెట్టి, వీళ్ళందరినీ తయారీ రంగంలో కలపాలని అక్కడి ప్రభుత్వ బడ్జెట్ ఆఫీసు 2010లో అనుకుంది, వాయిదా పడింది, 2014లో మళ్ళీ ప్రతిపాదన వచ్చింది, కార్మిక సంఘాలు వాటితోపాటు ఇంకా చాలామంది గట్టిగా ఎదురుతిరిగారు, ఆ ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. ఎందుకంత వ్యతిరేకత అంటే, ఆ ఒక్క మార్పుతో 2007 లెక్కల ప్రకారమే తక్కువలో తక్కువ 4 లక్షల 30 వేల మంది, ఎక్కువలో ఎక్కువ 19 లక్షల పైచిలుకు ఉద్యోగులు హోల్‌సేల్ వ్యాపారం నుంచి తయారీ రంగంలోకి మారిపోతారని బెర్నార్డ్, ఫోర్ట్ అనే ఇద్దరు ఎకనామిస్టులు లెక్క తేల్చారు. ఒక్క కొత్త మిషన్ కూడా తిరగకుండా, ఒక్క కొత్త షెడ్డు కూడా లేవకుండా అన్నమాట. మూతపడ్డ ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన మనిషి రేపు పేపర్లో తయారీ రంగం పెరిగింది అని చదివితే ఎలా ఉంటుంది? ఆ విషయంలో నేను పూర్తిగా సంఘాల వైపే.

లెక్కల్లో ఇలాంటివి కలిపితే ఏమవుతుందో ఐర్లండ్‌ని చూస్తే తెలుస్తుంది. 2015 సంవత్సరానికి ఆ దేశ జీడీపీ ఒక్కసారిగా 26 శాతం పెరిగినట్టు లెక్క వచ్చింది. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లు, ఇతర మేధో ఆస్తులు ఐర్లండ్ పేరు మీదకి మార్చుకోవడంతో, వేరే దేశంలో కాంట్రాక్ట్ మీద తయారై, వేరే దేశంలోనే అమ్ముడైన, ఐర్లండ్ నేల మీద అడుగు కూడా పెట్టని సరుకు ఐర్లండ్ ఎగుమతుల్లోకి వచ్చేసింది. చివరికి వాళ్ళ గణాంకాల ఆఫీసే జీడీపీని నమ్ముకోలేక తమ ఎకానమీ నిజంగా ఎంతుందో చూసుకోవడానికి వేరే కొలబద్ద తయారు చేసుకోవాల్సి వచ్చింది.

కాబట్టి లెక్కల వరకు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: ఎక్కడ మిషన్ తిరిగిందో, ఎక్కడ మనిషి షిఫ్ట్ చేశాడో తయారీ అక్కడ పడాలి. డిజైన్, బ్రాండ్ చిన్న విషయాలేం కాదు, వాటికి వేరే గడి పెట్టండి, ఆ గడిలో ఎంత పెద్ద అంకె అయినా వేసుకోండి. ఐఫోన్ 3జీ విడిభాగాలు, అసెంబ్లీ అన్నీ కలిపి దాదాపు 179 డాలర్ల ఖర్చైతే అందులో చైనాలో అసెంబ్లీకి దక్కింది ఆరున్నర డాలర్లు అని 2010లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ ఆరున్నర డాలర్ల పని చేసిన చేతులని లెక్కలోంచి కూడా తీసేస్తే వాళ్ళకి మిగిలేదేంటి?

చట్టం మాత్రం ఈ విషయంలో సామాన్యుడిలాగే ఆలోచించింది, నాకది నచ్చింది. యూరప్‌లో 1985లో వచ్చిన ఉత్పత్తి బాధ్యత డైరెక్టివ్ ప్రకారం, ఒక వస్తువు మీద తన పేరో ట్రేడ్‌మార్కో వేసుకుని నేనే దీని ఉత్పత్తిదారుని అన్నట్టు కనిపించేవాడు ఉత్పత్తిదారుడే. ఎవరు చేశారు, ముడిసరుకు ఎవరిది, ఇవేవీ దెబ్బతిన్నవాడికి అనవసరం. పేరు పెట్టుకున్నావు, బాధ్యత కూడా పెట్టుకో. అంతే.

ఇంతవరకు వచ్చాక కూడా నా ప్రశ్నకి జవాబు రాలేదు. గణాంకాలకి ఒక గీత చాలు, కోర్టుకి ఒక పేరు చాలు. కానీ "మాది మాన్యుఫాక్చరింగ్ కంపెనీ" అని నా ఫ్రెండ్ అన్నప్పుడు వాడు చెప్పింది కోడ్ గురించో బాధ్యత గురించో కాదు, మాకు ఈ వస్తువు తయారు చేయడం తెలుసు అని చెప్తున్నాడు. అది నిజమా కాదా అన్నదే ప్రశ్న. ఇక ఆ కవర్ గురించి చెప్తాను.

మా కస్టమర్‌కి ఒకప్పుడు సొంత మోల్డింగ్ ప్లాంట్ ఉండేది. దాన్ని మూసేసి పని మాకు ఇచ్చారు. మొదట్లో వాళ్ళ తరఫున ఒక పెద్దాయన వచ్చేవారు, ఆ మూతపడ్డ ప్లాంట్‌లోనే ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. ఆయన వస్తే మా లైన్ అంతా సర్దుకుని నిలబడేది. శాంపిల్ చేతిలోకి తీసుకుని ముందు డ్రాయింగ్ అడిగేవారు కాదు, బొటనవేలితో ముఖం మీద నిమిరేవారు, చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టేవారు, తర్వాత మిషన్ దగ్గరికి వచ్చి "ఏమయ్యా, హోల్డింగ్ టైమ్ తగ్గించావా?" అనేవారు. హోల్డింగ్ టైమ్ అంటే అచ్చులోకి వెళ్ళిన ప్లాస్టిక్ మీద ఒత్తిడి పట్టి ఉంచే సమయం. నేను నిజంగానే తగ్గించి ఉండేవాణ్ణి, షిఫ్ట్ టార్గెట్ కోసం. డై, అంటే ఆ అచ్చు, ఎక్కడ కూల్ అవ్వట్లేదో, ప్లాస్టిక్ లోపలికి వెళ్ళే గేట్ ఎక్కడ మార్చాలో ఆయనే చెప్పేవారు, చాలాసార్లు మా టూల్ రూమ్ ఫోర్‌మన్‌తో కూర్చుని పెన్సిల్‌తో గీసి చూపించేవారు. ఆ కంపెనీకి అప్పటికే ఒక్క మిషన్ కూడా లేదు. అయినా ఆ రోజుల్లో ఎవరైనా నన్ను అడిగితే వాళ్ళు తయారీదారులే అని ఒట్టేసి చెప్పేవాణ్ణి. మాకు తెలియని మా మిషన్ సంగతులు వాళ్ళకి తెలుసు.

ఆయన రిటైరయ్యారు. ఆయనతోపాటు వచ్చేవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు వచ్చారు, చురుకైన పిల్లలు, కంప్యూటర్ మీద చేతులు పరుగెత్తేవి, నేను వాళ్ళని తక్కువ చేసి మాట్లాడట్లేదు. వాళ్ళు పంపిన కొత్త మోడల్ డ్రాయింగ్‌లో కవర్ గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లు, వెనక బలం కోసం పెట్టిన పట్టీల్లాంటి నాలుగు రిబ్‌ల మందం కూడా రెండున్నరే. మోల్డింగ్ తెలిసినవాళ్ళకి ఈ ఒక్క లైన్ చాలు, కడుపులో కలుక్కుమంటుంది. రిబ్ మందం గోడ మందంలో సగం, మహా అయితే అరవై శాతం ఉండాలి. ఎందుకంటే రిబ్ వచ్చి గోడని కలిసే చోట ప్లాస్టిక్ ఎక్కువ పోగవుతుంది, చుట్టూ గట్టిపడ్డాక కూడా అక్కడ లోపల వేడిగానే ఉంటుంది, ఆ వేడి చివరికి చల్లారి ముడుచుకునేటప్పుడు పై ముఖాన్ని లోపలికి లాగుతుంది. అదే ఈ గుంట.

మేం మెయిల్ రాశాం. డిజైన్ ఫ్రీజ్ అయింది, మీ ప్రాసెస్ సరిచేసుకోండి అని జవాబు వచ్చింది. డై చేశాం. మొదటి ట్రయల్‌లోనే నాలుగు రిబ్‌లకి నాలుగు గుంటలు, నీడ పడితే చారల్లాగా. హోల్డింగ్ ప్రెషర్ పెంచాం, గుంట తగ్గింది గానీ డై అంచుల్లో ప్లాస్టిక్ బయటికి పొంగి ఫ్లాష్ రావడం మొదలైంది, దాన్ని బ్లేడుతో గీకడానికి ఇద్దరు ఆడవాళ్ళని షిఫ్టంతా కూర్చోబెట్టాం. కూలింగ్ టైమ్ పెంచాం, 32 సెకన్ల సైకిల్ 41 అయింది, రోజుకి రావాల్సిన షాట్లు రాలేదు, లేటైందని పెనాల్టీ పడింది. వాళ్ళు వీడియో కాల్‌లో గ్రాఫులు చూపించి ప్రాసెస్ కెపబిలిటీ గురించి మాట్లాడేవారు. రిబ్ మాట ఎత్తితే "స్ట్రెంత్ కోసం కావాలి" అనేవారు. నాలుగు నెలలు.

చివరికి మా ఫోర్‌మన్ ఒక మాటన్నాడు: "బాబూ, వాళ్ళకి రిబ్ సన్నం చేయడం అంటే కంప్యూటర్‌లో అంకె మార్చడం. వాళ్ళు డై తెరిచి చూసి ఉండరు." అది నిజం. రిబ్ అంటే డై లోపల స్టీల్‌లో కోసిన గాడి. గాడి సన్నగా ఉంటే రేపు వెడల్పు చేయడం తేలిక, ఇంకొంచెం స్టీల్ తీసేస్తే సరిపోతుంది. వెడల్పుగా కోసేశాక సన్నం చేయాలంటే తీసేసిన స్టీల్ మళ్ళీ పెట్టాలి, వెల్డింగ్ చేయాలి లేదా ఆ ముక్క మొత్తం కొత్తగా చేయాలి. అందుకే అనుమానం ఉన్న చోట ముందు సన్నగా కోసి ఉంచుతారు. ఇది ఏ పుస్తకంలోనైనా దొరికే విషయమే, కానీ ఒక్కసారి టూల్ రూమ్‌లో నిలబడి చూసినవాడికి మర్చిపోదామన్నా మరపురాదు. పాతాయన ఉంటే ఆ డ్రాయింగ్ బయటికే వచ్చేది కాదు.

నాకు అర్థమైంది ఇదీ. ఈ కథలో కంపెనీ మారలేదు, కాంట్రాక్ట్ మారలేదు, తయారు చేసే మేమూ మారలేదు, డబ్బా మీద పేరు మారలేదు. ముడిసరుకు ఎవరిది అన్న రూల్ పెట్టి చూసినా అప్పుడూ ఇప్పుడూ ఒకటే జవాబు వస్తుంది. అయినా పెద్దాయన వచ్చే రోజుల్లో వాళ్ళు తయారీదారులు, తర్వాత కాదు. ఫ్యాక్టరీ మూసేసిన రోజున వాళ్ళు తయారీదారులుగా ఉండటం ఆగిపోలేదు, ఆ తెలివిడి ఉన్న ఆఖరి మనిషి వెళ్ళిపోయి ఆ చోట్లో ఇంకొకరు తయారవ్వనప్పుడు ఆగిపోయింది, అది ఏ రోజో ఎవరూ గమనించలేదు, వాళ్ళు కూడా. ఫ్యాక్టరీ ఉన్నప్పుడు ఆ తెలివి దానంతట అదే పుడుతూ ఉంటుంది, కొత్తగా చేరిన డిజైనర్ మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ షాప్‌ఫ్లోర్ దాటుకుని వెళ్తాడు, ఆపరేటర్ ఆపి "సార్ ఇది చూడండి" అంటాడు. ఫ్యాక్టరీ పోయాక అది దానంతట అది పుట్టదు, పనిగట్టుకుని పెంచాలి, డబ్బు పెట్టాలి, మనుషుల్ని పంపాలి, నెలల తరబడి సప్లయర్ దగ్గర ఉంచాలి. ఆ ఖర్చు పెట్టేవాళ్ళు ఫ్యాక్టరీ లేకున్నా తయారీదారులే. పెట్టనివాళ్ళు కొన్నాళ్ళు పాత తెలివి మీద బతికి తర్వాత కొనుగోలుదారులుగా మారిపోతారు.

పెద్ద కంపెనీల్లో కూడా ఇదే చూస్తున్నాను. యాపిల్ 1984లో మాకింటాష్ కోసం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టి 1992లో మూసేసింది, తర్వాత మిగతావి కూడా వదిలించుకుంది. కానీ తన వార్షిక రిపోర్టుల్లో టూలింగ్ మీద, తయారీ పరికరాల మీద పెట్టుబడి చూపిస్తూ వచ్చింది, అవి ఉండేది సప్లయర్ల షెడ్డుల్లోనే. వాళ్ళ ఇంజినీర్లు కాంట్రాక్టర్ల లైన్ల దగ్గరే వారాల తరబడి ఉంటారు. నైకీ బూటు కుట్టదు గానీ ఎయిర్ సోల్ అనే గాలి సంచీ ఉంది చూడండి, దాన్ని మాత్రం ఒరెగాన్, మిస్సోరీల్లోని సొంత ప్లాంట్లలో చేసుకుంటూ వచ్చింది. ఏది వదిలేస్తే తాము తాము కాకుండా పోతామో వాళ్ళకి తెలుసు. మెర్సిడెస్ జీ-క్లాస్ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మాగ్నా స్టైర్ వాళ్ళ ప్లాంట్‌లో తయారవుతుంది, అది చూసి మెర్సిడెస్ కార్ల తయారీదారు కాదు అని ఎవరూ అనరు, వాళ్ళు మిగతా కార్లు సొంతంగా చేస్తూనే ఉన్నారు కాబట్టి వెల్డ్ బాగోకపోతే ఎందుకు బాగోలేదో అడగగలరు. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, ఫ్రాన్స్ టెలికాం పరికరాల కంపెనీ అల్కాటెల్ బాస్ సెర్జ్ చురుక్ 2001లో మాది ఫ్యాక్టరీలు లేని కంపెనీ కావాలి అని ప్రకటించాడు. 2006లో లూసెంట్‌తో కలిసింది, 2016లో నోకియా చేతికి పోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అంతా ఆ ఒక్క నిర్ణయం మీదే వేయను, కానీ ఆ ప్రకటన గుర్తొచ్చినప్పుడల్లా నాకు మా కస్టమర్ మూసేసిన ప్లాంటే గుర్తొస్తుంది.

బోయింగ్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 787 విమానాన్ని వాళ్ళు కొత్త పద్ధతిలో మొదలుపెట్టారు, రెక్కలు జపాన్‌లో, బాడీ ముక్కలు ఇటలీలో, సౌత్ కరోలినాలో, ఇలా ఒక్కో పెద్ద భాగాన్ని డిజైన్‌తో సహా ఒక్కో సప్లయర్‌కి అప్పగించి, తాము చివర్లో కలిపితే చాలు అనుకున్నారు. 2007 జులై 8న ఆర్భాటంగా విమానాన్ని జనం ముందుకి తెచ్చారు. బయటికి విమానమే, కానీ లోపల సగం ఖాళీ, సరైన ఫాస్టెనర్లు దొరక్క తాత్కాలికంగా ఏవో బిగించి నిలబెట్టారు, తర్వాత అవన్నీ ఊడదీసి మళ్ళీ చేశారు. రెండు నెలల్లో ఎగరాల్సింది 2009 డిసెంబర్‌లో ఎగిరింది. 2008లో ఇవ్వాల్సిన మొదటి డెలివరీ 2011 సెప్టెంబర్‌లో జరిగింది. మధ్యలో సౌత్ కరోలినా సప్లయర్ ప్లాంట్‌ని బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది. బాధ కలిగించే విషయం ఏంటంటే హార్ట్‌స్మిత్ అనే వాళ్ళ సొంత ఇంజినీరే 2001లో దీన్ని రాసి పెట్టాడు, పని బయటికి ఇచ్చేకొద్దీ లాభం సప్లయర్లకి పోతుంది, వాళ్ళు తడబడితే సరిచేసే ఖర్చు మాత్రం మనకే మిగులుతుంది అని.

అదే బోయింగ్ 2005లో విచిటాలోని బాడీ తయారు చేసే ప్లాంట్‌ని అమ్మేసింది, అదే స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అయింది. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ గాల్లో ఉండగా డోర్ ప్లగ్, అంటే వాడని తలుపు చోటుని మూసే ప్యానెల్, ఊడిపోయింది. దర్యాప్తులో తేలింది చదివితే నాకు మా ఫ్లాష్ గీకే టేబుల్ కళ్ళ ముందుకి వచ్చింది: స్పిరిట్ నుంచి వచ్చిన బాడీ మీద రివెట్లు దెబ్బతిని ఉన్నాయి, వాటిని సరిచేయడానికి బోయింగ్ వాళ్ళ రెంటన్ ఫ్యాక్టరీలో ఆ ప్లగ్ తెరిచారు, మళ్ళీ మూసినప్పుడు నాలుగు బోల్టులు పెట్టలేదు, తెరిచినట్టు రికార్డు కూడా లేదు. తప్పు సప్లయర్‌దా, బోయింగ్‌దా? రివెట్ ఒకళ్ళది, బోల్టు ఇంకొకళ్ళది, ఆ మధ్యలో "ఇది నా విమానం" అనుకునే మనిషి లేడు. ఆ జులైలో స్పిరిట్‌ని తిరిగి కొంటున్నట్టు బోయింగ్ ప్రకటించింది. అమ్మేసిన పందొమ్మిదేళ్ళకి.

ఇక్కడ నా ఫ్రెండ్‌కి ఒక మాట చెప్పాలి, వాడు ఇది చదువుతాడు. నీ కంపెనీ తయారీదారా కాదా అని నేను తేల్చను. నీ ప్రొడక్ట్‌లో మొన్న వచ్చిన రిజెక్షన్ ఎందుకొచ్చిందో సప్లయర్ పంపిన రిపోర్ట్ తెరవకుండా నువ్వు చెప్పగలవా? ఆ లైన్ మీద షిఫ్ట్ నడిపే మనిషి పేరు నీకు తెలుసా? రేపు ఆ సప్లయర్ మూసేస్తే ఇంకొకరికి ఎలా చేయాలో నేర్పగలవా, లేక ఇంకొకరు ఎలా చేస్తే అలా తీసుకుంటావా? వీటికి అవును అయితే ఫ్యాక్టరీ లేదని ఎవరైనా తక్కువ చేస్తే నా దగ్గరికి పంపు, నీ తరఫున నేను మాట్లాడతా. కాదు అయితే ఆ మాట వాడొద్దు, ప్లీజ్. అది రాత్రి షిఫ్ట్‌లో రెండింటికి మిషన్ ఆగితే చెమటలో డై ఎక్కించి దించే మనుషుల మాట.

మా వైపు కూడా ఒక లోటు ఉంది, అది దాచను. మేం చేసేవాళ్ళం, మిషన్లు మావి, చేతులు మావి, కానీ ఆ కవర్ లోపల ఏ మోటర్ వస్తుందో, ఎంత వేడి పుడుతుందో, వాడేవాళ్ళ చేతిలో అది ఎలా ఉంటుందో మాకు చాలామందికి తెలియదు, ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డ్రాయింగ్‌లో ఉన్నది చేసి పంపేవాళ్ళం. తయారీ తెలుసు గానీ వస్తువు తెలియదు. అప్పుడు ఆ రిబ్‌లకి నిజంగా ఎంత బలం కావాలో మాకు తెలిసి ఉంటే, సన్నటి రిబ్‌లు నాలుగు బదులు ఆరు పెట్టండి అని మొదటి మెయిల్‌లోనే రాసేవాళ్ళం. చివరికి చేసింది అదే, ఆరు రిబ్‌లు, ఒకటింపావు మిల్లీమీటర్ మందం, డై లోపలి ముక్క కొత్తగా చేసి. మొదటి షాట్‌కే ముఖం అద్దంలా వచ్చింది.

ఆ మార్పు కోసం వాళ్ళ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా అయి ఉండవు. ఒక్కరోజు పని అని వచ్చి, మా మేనేజర్‌ని అడిగి వారం ఉంది. మొదటి రోజు డై తెరిచి నేల మీద పెట్టినప్పుడు వంగి ఆ గాడుల్లో వేలు పెట్టి చూసింది, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోర్‌మన్‌ని "మామూలుగా ఇవి ఎందులో కోస్తారండీ?" అని అడిగింది. ఆయన ఆ వారమంతా ఆవిడకి చూపిస్తూనే ఉన్నాడు, స్పార్క్ మిషన్, పాలిషింగ్, అచ్చులోంచి ముక్కని బయటికి తోసే ఎజెక్టర్ పిన్నులు ఎక్కడ తోస్తాయో, అన్నీ. వెళ్ళే రోజు ఆ గుంటలు పడ్డ కవర్లు రెండు తీసి ఒకటి తన బ్యాగ్‌లో వేసుకుంది, రెండోది నా టేబుల్ మీద పెట్టింది. ఆ తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మోడల్ డ్రాయింగ్ తెరిస్తే మొదటి పేజీలో మార్జిన్‌లో ఒక నోట్ ఉంది, పిన్నులు ఈ మూల రావడానికి చోటు సరిపోతుందా, ఫోర్‌మన్ గారిని ఒకసారి అడిగి చెప్పండి అని.